తీగ పని తీగది, చిప్పు పని చిప్పుది: పాత నెట్‌వర్క్ కార్డులకు ఎడాప్టర్ కేబుళ్లు

(విజయనగరంలో కంప్యూటర్ రిపేరు చేసేవాళ్లు, కాలేజీ ల్యాబ్ సిబ్బంది, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడకపోతే చెయ్యెత్తండి, ఫ్యాను కట్టేద్దాం. చెమట పట్టినా పర్వాలేదు గానీ పిన్ నంబర్లు తప్పు వినపడితే కార్డు పోతుంది.

బల్ల మీద సామాను చూశారు కదా. ఇవి ఐఎస్ఏ స్లాటు కార్డులు, అంటే పాత డెస్క్‌టాప్ బోర్డులో గుచ్చే నెట్‌వర్క్ కార్డులు. వెనకవైపు ఏయూఐ అనే 15 పిన్ల సాకెట్టు, కోయాక్స్ తీగ దిగే గుండ్రటి బీఎన్‌సీ, కొన్నిటికి ఇప్పటి నెట్‌వర్క్ తీగ దిగే ఆర్‌జే45. ఇటుపక్కవి ల్యాప్‌టాప్‌లో దూర్చే పీసీఎంసీఐఏ కార్డులు, వాటి తోకలు, అంటే డాంగిళ్లు. ఏ కాటా గదిలోనో, కాలేజీ స్టోర్‌రూములోనో డాస్ మీద నడిచే మిషను ఇంకా ఉందనుకోండి, దాని వెనక వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. లోపలి ఫైళ్లు బయటికి తియ్యాలి. మన కోస్తా తేమకి ఫ్లాపీలు బూజు పట్టిపోయుంటాయి. కార్డు బాగానే ఉంటుంది, దానికి తగిలించే కేబులే దొరకదు. ఈరోజు ఆ కేబుల్ ఎలా కట్టుకోవాలో చూద్దాం.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించే ముందు ఒకటి తేల్చుకోవాలి. కేబుల్ తీగల వరస మార్చగలదు, సాకెట్టు ఆకారం మార్చగలదు. అంతకుమించి దానివల్ల కాదు. సిగ్నల్ రకం మారాలంటే చిప్పు ఉండాలి. ఈ తేడా తెలియక "ఏయూఐ టు ఆర్‌జే45 కేబుల్ కట్టండి" అని అడుగుతారు. ఎనిమిది తీగలూ శుభ్రంగా సోల్డర్ చేసి ఇచ్చినా అది పనిచెయ్యదు. ఎందుకో వస్తాను, ముందు ఏయూఐ సంగతి.

కంప్యూటర్లని తీగతో కలిపే ఈథర్‌నెట్ పద్ధతిని డెక్, ఇంటెల్, జిరాక్స్ కంపెనీలు కలిసి 1980లో ప్రమాణంగా రాసినప్పుడు, కేబుల్ టీవీ తీగలాంటి లావుపాటి కోయాక్సియల్ తీగ ఒక్కటే ఉండేది. ఆ తీగ మీద సిగ్నల్ పంపి, తీసుకునే ట్రాన్సీవర్ డబ్బా కూర్చునేది, అక్కడినించి కంప్యూటర్ దాకా వేరే కేబుల్ వచ్చేది. ఆ కేబుల్ దిగే సాకెట్టే ఏయూఐ. సన్నటి కోయాక్స్, అంటే 10బేస్2, 1985లో వచ్చింది. మెలితిప్పిన జతల 10బేస్-టీ 1990లో వచ్చింది. ఈ రెండూ వచ్చాక కూడా ఏయూఐ సాకెట్టుని కార్డుల మీద ఉంచారు, ఎందుకంటే దానికి ఏ ట్రాన్సీవర్ తగిలిస్తే కార్డు ఆ రకం లైను మీద పనిచేస్తుంది. పాతదాన్ని కొత్త స్విచ్చుకి కలపడానికి నన్నడిగితే ఇదే మంచి దారి. 10బేస్-టీ ట్రాన్సీవర్ పాత సామానులో ఇంకా దొరుకుతోంది. అలైడ్ టెలిసిన్ వాళ్ల 210టీ లాంటిది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. నేరుగా కార్డుకి గుచ్చేయొచ్చు. అయితే పక్క కార్డు తగులుతుంది, లేదా బరువుకి సాకెట్టు వేలాడి ఊడొస్తుంది. అందుకని ఒక జానెడు నుంచి రెండు మీటర్ల లోపు కేబుల్ కావాలి.

రాసుకోండి. ఏయూఐలో మనకి కావాల్సినవి నాలుగే జతలు. ఇద్దరు ఒకేసారి పంపితే కార్డుకి చెప్పే కొలిజన్ జత 2, 9. ట్రాన్స్‌మిట్ జత 3, 10. రిసీవ్ జత 5, 12. కరెంటు జత: 13లో ప్లస్ 12 వోల్టులు, 6లో దాని కామన్. ప్రతి జతలో చిన్న నంబరుకి 7 కలిపితే రెండోది వస్తుంది, అది గుర్తుంటే కాగితం అక్కర్లేదు. సిగ్నల్ జతల్లో చిన్న నంబరు ప్లస్, పెద్ద నంబరు మైనస్. కరెంటు జతలో మాత్రం తిరగబడుతుంది, పెద్ద నంబరే ప్లస్. 1, 4, 8, 11, 14 షీల్డు పిన్లు. 7, 15 కంట్రోల్ అవుట్ అనే జత, దాన్ని ఎవరూ వాడలేదు, వదిలేయండి.

నాలుగు జతలంటే మన షీల్డు ఉన్న క్యాట్5ఈ తీగ సరిగ్గా సరిపోతుంది. నారింజ జతని 3, 10కి, ఆకుపచ్చ జతని 5, 12కి, నీలం జతని 2, 9కి, గోధుమ జతని 13, 6కి ఇవ్వండి. చారల తీగ ఎప్పుడూ ప్లస్ అని పెట్టుకుంటే తికమక ఉండదు: తెల్ల-నారింజ 3, తెల్ల-ఆకుపచ్చ 5, తెల్ల-నీలం 2, తెల్ల-గోధుమ 13. షీల్డు రేకు పక్కన బోడి తీగ ఉంటుంది కదా, దాన్ని 4కి పెట్టి, అక్కణ్ణించి లోహపు తొడుగుకి కలపండి. రెండు చివరలా ఇలాగే.

అసలు ఏయూఐ కేబుల్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి తీగ చూపే నిరోధం, 78 ఓములు, క్యాట్5ఈది 100. ప్రమాణం 50 మీటర్ల దాకా ఒప్పుకుంటుంది గానీ ఆ పొడవుకి మన తీగ పనికిరాదు. రెండు మీటర్లకి ఈ తేడా లెక్కలోకి రాదు. కరెంటు లెక్క కూడా వేసి చూడండి. 24 గేజ్ రాగి తీగ మీటరుకి 0.084 ఓము. రెండు మీటర్లు పోను, రెండు రాను, మొత్తం 0.34 ఓము. ట్రాన్సీవర్ గరిష్ఠంగా 500 మిల్లీఆంపులు లాగొచ్చు. అప్పుడు పడిపోయేది 0.17 వోల్టు, ఏమీ కాదు. అదే తీగ 50 మీటర్లు లాగితే 4 వోల్టులు దాటి పోతుంది, ట్రాన్సీవర్ లైటు వెలగదు.

తీగ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవక బండిళ్లలో ఎక్కువ భాగం సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అదే. రాగి పూత చెదిరితే సోల్డర్ అంటుకోదు, అంటుకున్నట్టు కనపడుతుంది, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఇంకొకటి, గోడలో వేసే ఒంటి తీగ రకం వద్దు. సోల్డర్ చేసిన చోటే విరుగుతుంది. ప్యాచ్ కార్డు కోసం వాడే సన్న పోగుల తీగ తీసుకోండి. షీల్డు ఉన్న మీటరు ప్యాచ్ కార్డు ఒకటి కొని రెండు చివరలూ కత్తిరించడం అన్నిటికంటే తేలిక.

ఇక కనెక్టరు. షాపులో "15 పిన్ డీ కనెక్టర్" అంటే వీజీఏది చేతిలో పెడతారు, అది మూడు వరసలది. మీకు కావాల్సింది రెండు వరసలది, మీద 8, కింద 7. "గేమ్ పోర్టు కనెక్టర్, సోల్డర్ కప్పుది" అంటే పాత షాపువాళ్లకి వెంటనే తెలుస్తుంది. కార్డు మీద ఉండేది ఫిమేల్, కాబట్టి కార్డువైపు చివర మేల్, ట్రాన్సీవర్‌వైపు చివర ఫిమేల్.

గేమ్ పోర్టు అన్నాను కదా, ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. పాత సౌండ్ కార్డుల మీద జాయ్‌స్టిక్ సాకెట్టు కూడా ఇదే 15 పిన్ల ఫిమేల్. పాత మాకింటాష్ వీడియో సాకెట్టూ ఇదే. మిషను వెనక చీకట్లో చెయ్యి పెట్టి గుచ్చేసి, ట్రాన్సీవర్ చచ్చిపోయిందని తేల్చేస్తారు. ఏయూఐ సాకెట్టుని గుర్తుపట్టడం ఎలాగంటే, దాని ముందు జరిగే రేకు ఒకటి ఉంటుంది. అది గొళ్లెం. మిగతా రెండిటికీ స్క్రూ రంధ్రాలు ఉంటాయి.

ఆ గొళ్లెమే పెద్ద తలనొప్పి. మామూలు డీ కనెక్టర్ హుడ్డుకి, అంటే పై కవరుకి, పొడుగు స్క్రూలు వస్తాయి. అవి గొళ్లెంలో పట్టవు. గొళ్లెం పట్టుకోవడానికి తలకాయ ఉన్న పొట్టి మేకుల్లాంటి పోస్టులు కావాలి. పాత ఏయూఐ కేబుల్ దొరికితే అది తెగిపోయినదైనా ఈ పోస్టుల కోసం దాచుకోండి. దొరక్కపోతే స్క్రూలు పూర్తిగా తీసేయండి, లేదంటే అవి రేకుకి అడ్డం తగిలి కనెక్టరు సగమే దిగుతుంది. తర్వాత హుడ్డుని ఒక జిప్ టైతో క్యాబినెట్‌కి కట్టండి. చూడ్డానికి బాగోదు, కానీ ఊడదు. ఏయూఐ మీద నెట్‌వర్క్ వచ్చి పోతోందంటే ముందు చూడాల్సింది ఇదే, కనెక్టరు అర మిల్లీమీటరు బయటికి జారి ఉంటుంది.

సోల్డరింగ్ క్రమం చెప్తాను. 25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్ 0.8 మిల్లీమీటర్లది చాలు. తొడుగు 30 మిల్లీమీటర్లు ఒలవండి, జత మెలిక మాత్రం చివరి 10 మిల్లీమీటర్లే విప్పండి. ఒక్కో తీగని 3 మిల్లీమీటర్లు ఒలిచి ముందే సోల్డర్ పూయండి. కనెక్టర్ కప్పుల్లో కూడా ముందే సగం నింపండి. హుడ్డు, స్లీవు ముక్కలు తీగకి ముందుగానే తొడిగారో లేదో చూసుకోండి, ఇది మరిచిపోతే మొత్తం ఊడదీయాలి. తర్వాత కప్పు వేడిచేసి తీగ దించి, కదలకుండా పట్టుకోండి. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి పిన్ను వంకరపోకుండా ఉండాలంటే జత కనెక్టర్ ఒకటి ముందువైపు గుచ్చి ఉంచి పనిచెయ్యండి.

నంబర్లు తప్పేది ఎక్కడో తెలుసా? మేల్ కనెక్టరుని ముందునించి చూస్తే, 8 పిన్ల వరస పైకి పెడితే, 1 ఎడమచేతివైపు ఉంటుంది. సోల్డర్ చేసేది వెనకనించి, అప్పుడు కుడిచేతివైపు. ఫిమేల్‌కి ఇదంతా తిరగబడుతుంది. ఒక చివర ఇలా అద్దంలో బొమ్మలా కట్టారనుకోండి, కార్డు 13వ పిన్నులోని 12 వోల్టులు అవతల 11కి పోతాయి. 11 షీల్డు పిన్ను. ట్రాన్సీవర్‌లో అది తొడుగుకి కలిపి ఉంటే షార్ట్, కార్డు మీది ఫ్యూజు పోతుంది. కాబట్టి బొమ్మలు చూసి కాకుండా, ప్లాస్టిక్ మీద అచ్చువేసిన బుల్లి అంకెలు భూతద్దంతో చదివి సోల్డర్ పెట్టండి.

అయ్యాక మల్టీమీటరు బజర్‌లో పెట్టి ఎనిమిది తీగలూ ఒక్కోటీ చూడండి. ఆ తర్వాత ఏ రెండూ ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయని చూడాలి. ఎనిమిదిలో రెండేసి చొప్పున 28 జతలు, విసుగైనా అన్నీ చూడండి, తర్వాత తొడుగుతో కూడా. అప్పుడు కేబుల్ కార్డుకి పెట్టి, అవతలి చివర 13కి 6కి మధ్య వోల్టేజీ. ప్రమాణం ప్రకారం 12లో 6 శాతం తక్కువ నుంచి 15లో 5 శాతం ఎక్కువ దాకా, అంటే 11.28 నుంచి 15.75 వరకు ఉండొచ్చు. ఖాళీగా కొలిచి 12 వచ్చిందని సంబరపడకండి. 47 ఓముల 5 వాట్ల తెల్ల రెసిస్టర్ ఒకటి అడ్డంపెట్టి కొలవండి. పావు ఆంపు లాగుతుంది. అప్పుడు కూడా 11.3 పైన నిలిస్తే ఫ్యూజు, తీగ, సప్లై మూడూ బాగున్నట్టే. పడిపోతే కార్డు మీద ఫ్యూజు కాళ్ల దగ్గర ఉప్పుగాలికి పట్టిన పచ్చటి తుప్పు చూడండి. భీమిలి, కళింగపట్నం వైపు నించి వచ్చే మిషన్లలో ఇది మామూలే.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్న. ఏయూఐలో ట్రాన్స్‌మిట్ జత ఉంది, రిసీవ్ జత ఉంది. ఆర్‌జే45లో కూడా అవే ఉన్నాయి: 1, 2 ట్రాన్స్‌మిట్, 3, 6 రిసీవ్. నేరుగా కలిపితే ఏటి తప్పు? మూడు తప్పులున్నాయి. ఒకటి, 10బేస్-టీ లైను ఖాళీగా ఉన్నప్పుడు కూడా దాదాపు 16 మిల్లీసెకన్లకి ఒక లింకు పల్సు పంపాలి. ఏయూఐ పంపదు. అవతలి స్విచ్చు లింకు లైటు వెలిగించదు, లింకు లేకపోతే ప్యాకెట్టు తీసుకోదు. రెండు, మైకులో మాట్లాడేవాడికి తన గొంతు స్పీకర్లో వినపడాలి కదా, అలాగే ఏయూఐ కార్డు తాను పంపింది తన రిసీవ్ జతలో తిరిగి వినాలనుకుంటుంది. ట్రాన్సీవర్ ఆ పని చేస్తుంది. వినపడకపోతే కార్డు "క్యారియర్ లేదు" అని లోపం చూపిస్తుంది. మూడు, కొలిజన్ జత. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ట్రాన్సీవర్ ఆ జత మీద 10 మెగాహెర్ట్జ్ సంకేతం ఇస్తుంది. ఆర్‌జే45లో దానికి తీగే లేదు. రెండు ఏయూఐ కార్డుల్ని క్రాస్ చేసి, అంటే ఒకదాని ట్రాన్స్‌మిట్‌ని రెండోదాని రిసీవ్‌కి కలుపుదామనే ఆలోచన కూడా ఇక్కడే ఆగిపోతుంది. ఇవన్నీ చిప్పు పనులు, తీగ చెయ్యదు.

ట్రాన్సీవర్ పక్కన ఎస్‌క్యూఈ అని చిన్న స్విచ్చు ఉండొచ్చు. ప్రతి ప్యాకెట్టు తర్వాత కొలిజన్ జత బతికే ఉందని చెప్పే చిన్న సంకేతం అది. కంప్యూటర్ కార్డుకి అది ఆన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. చాలా తీగల్ని ఒకచోట కలిపే హబ్బుకో రిపీటర్‌కో ఉన్న ఏయూఐకి తగిలిస్తే మాత్రం ఆఫ్ చెయ్యాలి, లేకపోతే ప్రతి ప్యాకెట్టునీ కొలిజన్ అనుకుంటుంది.

ఇక రిబ్బన్. కొన్ని ఇండస్ట్రియల్ బోర్డుల మీద ఏయూఐ సాకెట్టు ఉండదు, రెండు వరసల్లో 16 పిన్లు నిలబెట్టిన హెడర్ ఉంటుంది. అక్కణ్ణించి క్యాబినెట్ వెనకకి రిబ్బన్ వేసి, నొక్కుడు రకం డీ కనెక్టర్ బిగిస్తారు. ఇందులో సోల్డరే లేదు, బెంచి వైసులో నొక్కితే అయిపోతుంది. అయితే రెండిటి నంబరింగ్ పద్ధతీ వేరు. హెడర్‌లో 1 ఎదురుగా 2 ఉంటుంది. నొక్కుడు డీ కనెక్టర్‌లో రిబ్బన్ తీగల వరస 1, 9, 2, 10, 3, 11, 4, 12, ఇలా పోతుంది. అంటే హెడర్ 2 వెళ్లి డీ కనెక్టర్ 9 అవుతుంది, హెడర్ 3 వెళ్లి 2 అవుతుంది. బోర్డు తయారుచేసినవాడు దీన్ని లెక్కలోకి తీసుకునే హెడర్ వేసి ఉంటాడు. మీరు "నంబరుకి నంబరు కలుపుదాం" అని సోల్డర్ కప్పు కనెక్టర్‌తో చేస్తే మొత్తం తారుమారు. 16వ తీగని కత్తిరించేయండి, డీ కనెక్టర్‌లో దానికి చోటు లేదు.

ఈ వరసలో ఒక అందం ఉంది, గమనించండి. 10, 3 పక్కపక్కన. తర్వాత 11, 4, రెండూ షీల్డు. తర్వాత 12, 5. అంటే ట్రాన్స్‌మిట్ జతకీ రిసీవ్ జతకీ మధ్య రెండు షీల్డు తీగలు వాటంతట అవే వచ్చి పడతాయి. అందుకే మెలిక లేని చప్పటి రిబ్బన్ కూడా ఒక అడుగు పొడవుకి చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ 11, 4 తీగల్ని "అవసరం లేదు" అని కత్తిరించకండి.

బీఎన్‌సీకి వద్దాం. మన గంటస్తంభం చుట్టుపక్కల ఏ సీసీటీవీ షాపులో అడిగినా బీఎన్‌సీ దొరుకుతుంది, అదే ప్రమాదం. కెమెరా తీగ 75 ఓములు. 10బేస్2కి కావాల్సింది ఆర్‌జీ58, 50 ఓములు. రెండు చివరలా 50 ఓముల టెర్మినేటర్, అంటే లైను చివర మూసే రెసిస్టర్, ప్రతి కార్డుకీ నేరుగా టీ ఆకారం కనెక్టరు, టీకి కార్డుకి మధ్య తోక తీగ ఉండకూడదు. ఒక లైను 185 మీటర్లు, 30 మిషన్లు, మిషనుకీ మిషనుకీ కనీసం అర మీటరు.

75 ఓముల టెర్మినేటర్ పెడితే ఏమవుతుంది? కొందరు పనిచేసిందంటారు, కొందరు లేదంటారు, ఇద్దరిదీ నిజమే. కార్డు పంపేటప్పుడు సగటున దాదాపు 41 మిల్లీఆంపులు లైనులోకి తోస్తుంది. రెండు 50 ఓములు సమాంతరంగా 25 ఓములు, కాబట్టి లైను మీద ఒక వోల్టు. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు వోల్టులు. ఒకటిన్నర వోల్టు దగ్గర గీత గీసి, అది దాటితే కొలిజన్ అని ట్రాన్సీవర్ తేలుస్తుంది. ఇప్పుడు 75 రెండు పెట్టండి, 37.5 ఓములు, దాదాపు 1.5 వోల్టు. సరిగ్గా గీత మీద నిలబడ్డాం. ఒక కార్డుకి పని జరుగుతుంది, పక్కదానికి జరగదు. ఒక టెర్మినేటర్ ఊడిపోతే 50 ఓములు, రెండు వోల్టులు, ఒక్కడే పంపుతున్నా ఎప్పుడూ కొలిజనే. అందుకే ఒక చివర ఊడితే మొత్తం లైను పడిపోయేది.

టెర్మినేటర్ మనమే చేసుకోవచ్చు. 100 ఓముల 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు పావు వాటువి రెండు, సమాంతరంగా, బీఎన్‌సీ మేల్ లోపల మధ్య పిన్నుకీ తొడుగుకీ మధ్య. కాళ్లు వీలైనంత పొట్టిగా. తీగ చుట్టిన రకం రెసిస్టర్ వద్దు, అది కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. లైను కట్టాక, మిషన్లన్నీ ఆపి, ఏ టీ దగ్గరైనా ఓములు కొలవండి. 25 దగ్గర రావాలి. 50 వస్తే ఒక చివర తెగింది. 37 వస్తే ఎవరో కెమెరా షాపుకి వెళ్లొచ్చారు.

ఆ షాపులోనే "వీడియో బాలన్" అని బీఎన్‌సీకి మెలి తీగ కలిపే చిన్న ముక్క అమ్ముతారు. దానితో 10బేస్2ని ఆర్‌జే45కి మార్చలేరు. ఇప్పుడు చెప్పిన ఆ డీసీ వోల్టేజీ దాంట్లోంచి దాటదు, పైగా పంపడం, తీసుకోవడం రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి. బీఎన్‌సీ, ఆర్‌జే45 రెండూ ఉన్న పాత హబ్బు సంపాదించండి. కార్డు మీద ఏయూఐ కూడా ఉంటే ఈ బీఎన్‌సీ జోలికే పోకండి.

పీసీఎంసీఐఏ డాంగిళ్లు. ఇక్కడ ప్రమాణం లేదు. కార్డు చివరి సన్నటి సాకెట్టు ఒక్కో కంపెనీది ఒక్కో రకం, ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే మారుతుంది. ఆకారం సరిపోయిందని వేరే మోడల్ డాంగిల్ గుచ్చకండి. కొత్తది కట్టాలంటే ఆ ప్లగ్గు విడిగా దొరకదు, కాబట్టి తెగిన డాంగిల్‌ని పారేయకుండా బాగుచెయ్యడమే పని. తొంభై పాళ్లు తెగేది ప్లగ్గు మెడ దగ్గర. మెడ వంచుతూ బజర్ చూస్తే తెలిసిపోతుంది. రబ్బరుని బ్లేడుతో నిలువుగా చీల్చి, తెగిన చోటు దాటి కత్తిరించి, ప్లగ్గు కాళ్లకే మళ్లీ సోల్డర్ చెయ్యాలి.

ముందు తెలుసుకోవాల్సింది, చిప్పునీ లైనునీ విడదీసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కార్డులో ఉందా, డాంగిల్‌లో ఉందా అని. డాంగిల్ ఒక్కదాన్నీ పట్టుకుని ఆర్‌జే45 1కి 2కి మధ్య ఓములు చూడండి. తెరిచి ఉంటే డాంగిల్ వట్టి తీగ, ట్రాన్స్‌ఫార్మర్ కార్డులో ఉంది. ఒకటి రెండు ఓములు చూపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ డాంగిల్‌లోనే ఉంది, దాన్ని వట్టి తీగతో మార్చడానికి వీల్లేదు. వట్టి తీగదైతే, మిషను ఆపి, కార్డుకి తగిలించి మళ్లీ కొలవండి. 1, 2 మధ్య, 3, 6 మధ్య చిన్న ఓములు రావాలి, ఈ రెండు జతల మధ్య ఏమీ ఉండకూడదు. అలా కార్డువైపు ఏ కాళ్లు జతలో తేలిపోతుంది. మిగతా కాళ్లలో కొన్ని డాంగిల్ మీది లైట్లకి పోతాయి. కార్డుకి కరెంటు ఇచ్చినప్పుడు 3 నుంచి 5 వోల్టుల డీసీ కనిపించే కాళ్లు అవే. వాటిని ఆర్‌జే45లోకి పోనివ్వకండి.

జతలు తెలిశాక ఏది ట్రాన్స్‌మిట్, ఏది రిసీవ్? ఆసిలోస్కోప్ ఉంటే లింకు పల్సు కనిపించేది ట్రాన్స్‌మిట్. లేకపోయినా పర్వాలేదు, ఈనాటి గిగాబిట్ స్విచ్చులు తమంతట తాము క్రాస్ చేసుకుంటాయి, తిరగబడ్డా లింకు వస్తుంది. వచ్చిందని అలాగే వదిలేయకండి, పాత హబ్బుకి పెట్టిన రోజు రాదు. సరిచేసి మూసేయండి. 100 మెగాబిట్ కార్డైతే మెలిక విప్పింది 13 మిల్లీమీటర్లు మించకూడదు. 10 మెగాబిట్‌కి అంత పట్టింపు లేదు.

పాత మాకింటాష్‌లలో ఆపిల్ వాళ్లు పెట్టిన ఏఏయూఐ సాకెట్టు గురించి ఒక్క మాట. సిగ్నళ్లు ఏయూఐ లాంటివే, 14 పిన్ల చిన్న సాకెట్టు. కానీ కరెంటు తేడా, మాకింటాష్ 5 వోల్టులు ఇవ్వొచ్చు, ఏయూఐ ట్రాన్సీవర్ 12 అడుగుతుంది. తీగలు కలిపితే సరిపోదు, 12 వోల్టులు బయటినించి తేవాలి. ఏఏయూఐ ట్రాన్సీవరే కొనుక్కోవడం నయం.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మాస్టారూ, కేబుల్ అంతా సరిగ్గానే ఉంది, లింకు లైటు వెలుగుతోంది, కానీ పింగ్ రాదు. ఎక్కడ చూడాలి?)

లింకు లైటు ట్రాన్సీవర్‌ది బాబూ, కార్డుది కాదు. స్విచ్చుతో ట్రాన్సీవర్ మాట్లాడుతోందని మాత్రమే దానర్థం. కార్డు ఏ సాకెట్టు వాడుతోందో చూడు. 3కామ్ 3సీ509 కాంబో లాంటి కార్డుల్లో అది దాని డాస్ సెటప్ ప్రోగ్రాంలో మార్చాలి, పాత ఎన్ఈ2000 రకాల్లో జంపర్లు మార్చాలి. అది సరిగ్గా ఉంటే ఐఆర్‌క్యూ చూడు, అంటే కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను నంబరు. ఎన్ఈ2000 సాధారణంగా 300 హెక్స్ అడ్రసు, ఐఆర్‌క్యూ 3 మీద వస్తుంది. రెండో సీరియల్ పోర్టు కామ్2 కూడా 3 మీదే ఉంటుంది. కాటాకి సీరియల్ తీగ కామ్2లో ఉంటే రెండూ కొట్టుకుంటాయి. కార్డుని 5కి మార్చు.

(ల్యాబ్‌లో పనిచేసే ఒకామె: స్విచ్చులో స్పీడు మనం ఫిక్స్ చెయ్యాలా అండి?)

వద్దమ్మా, ఆటోలో వదిలేయండి. పాత కార్డు ఏమీ చెప్పకపోతే స్విచ్చు 10 మెగాబిట్, హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఒకవైపే మాట్లాడటం) అని తానే అనుకుంటుంది, అదే సరైనది. ఫుల్ డూప్లెక్స్ అని ఫిక్స్ చేస్తే పింగ్ బాగానే వస్తుంది, పెద్ద ఫైలు కాపీ చేస్తే లేట్ కొలిజన్లతో పాకుతుంది. ఇంకొకటి, కొత్త 10 గిగాబిట్ పోర్టుల్లో చాలావాటికి 10 మెగాబిట్ రాదు. మధ్యలో పాత 100 మెగాబిట్ స్విచ్చు ఒకటి పెట్టండి.

(మరొకరు: కెమెరాలకి పెట్టే పీఓఈ స్విచ్చుకి తగిలించొచ్చా?)

పీఓఈ అంటే నెట్‌వర్క్ తీగలోనే కరెంటు పంపడం. ప్రమాణం ప్రకారం తయారైన పీఓఈ అయితే ముందు అవతల 25 కిలో ఓముల గుర్తింపు రెసిస్టర్ ఉందా అని అడిగి, ఉంటేనే కరెంటు ఇస్తుంది. దానితో భయం లేదు. భయం ఆ 24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్లతోనే. అవి ఎవర్నీ అడగవు. 4, 5లో ప్లస్, 7, 8లో మైనస్ తోసేస్తాయి. చాలా కార్డుల్లో 4, 5 కలిపి 75 ఓములతో, 7, 8 కలిపి ఇంకో 75 ఓములతో ఒకే చోటికి పోతాయి. మొత్తం 150 ఓములు, 24 వోల్టులు, 160 మిల్లీఆంపులు. ఒక్కో రెసిస్టర్ మీద దాదాపు 2 వాట్లు. బియ్యపు గింజంత రెసిస్టర్ అది, నల్లబడిపోతుంది. కాబట్టి పాత కార్డు కోసం కట్టే ప్యాచ్ కార్డులో 1, 2, 3, 6 మాత్రమే క్రింప్ చెయ్యండి. మిగతా నాలుగు తీగలూ ప్లగ్గులోకి పోకుండా తొడుగు దగ్గరే కత్తిరించేయండి. 10 మెగాబిట్‌కీ 100 మెగాబిట్‌కీ 1, 2, 3, 6 చాలు.